కబురు గాల్లో పోతుంది, నోటు బస్సెక్కాలి: ఎం-పెసా కొట్టు లెక్కలు

ఎం-పెసా అంటే కెన్యాలో ఫోను ద్వారా డబ్బు దాచుకుని, పంపుకునే సేవ. ఆ పేరులోని 'పెసా' మన పైసాయే. హిందూ మహాసముద్రం మీద వర్తకులతో పాటు వెళ్లి తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో స్థిరపడిపోయింది. కొట్టును అక్కడ 'దుకా' అంటారు, అదీ మన దుకాణమే. టాంజానియాలో మొబైల్ డబ్బు ఏజెంటును 'వకాలా' అంటారు. మన వకాల్తా, వకీలు పుట్టిన అరబ్బీ మూలం నుంచే ఆ మాటా వచ్చింది. 1920 దాకా కెన్యాలో చెలామణీ అయింది రూపాయే. అందుకే నైరోబీ సందులో ఆకుపచ్చ రంగు వేసిన ఎం-పెసా కొట్టు తెలుగువాళ్లకు కొత్తగా అనిపించదు. ఒక బల్ల, ఒక గల్లా పెట్టె, ఒక పుస్తకం, ఒక కీప్యాడ్ ఫోను, అంతే.

ఆ గల్లా పెట్టె గురించే ఈ పోస్టు. ఆఫ్రికాలో సరికొత్త వ్యాపారాల మాట వస్తే అందరూ ముందు ఎం-పెసా పేరే చెబుతారు. చెప్పేటప్పుడు ఫోను గురించి, సిమ్ కార్డు గురించి చెబుతారు. అవి సులువైన భాగాలు. కష్టమంతా కొట్టువాడు రెండు రకాల సరుకును, అంటే నోట్లనూ ఫోనులోని అంకెలనూ (ఫోను ఖాతాలో కనిపించే డబ్బును), ఏ గంటకు ఎంత అవసరమో అంత నిలవ ఉంచుకోవడంలో ఉంది. ఈ నిలవనే 'ఫ్లోట్' అంటారు. ఈ లెక్క కుదిరిన చోట మొబైల్ డబ్బు నిలిచింది. కుదరని చోట ఎంత పెద్ద కంపెనీ వెనక ఉన్నా మూతపడింది.

మొదట అనుకున్న పని వేరు. వొడాఫోన్, దాని కెన్యా భాగస్వామి అయిన మొబైల్ కంపెనీ సఫారీకామ్ కలిసి, బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి నిధి నుంచి సుమారు 10 లక్షల పౌండ్ల సాయంతో, 2005లో చిన్నగా ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. ఫౌలు కెన్యా అనే సూక్ష్మ రుణ సంస్థ నుంచి అప్పు తీసుకున్నవాళ్లు వాయిదాలను ఫోను ద్వారా కట్టాలన్నది ఉద్దేశం. ఫోను చేతికొచ్చాక జనం దాన్ని వేరే పనులకు వాడారు. ఒకరి వాయిదా ఇంకొకరు కట్టారు. ఊళ్లో ఉన్నవాళ్లకు డబ్బు పంపారు. ప్రయాణానికి ముందు ఇక్కడ జమ చేసి, దిగిన చోట తీసుకున్నారు, దారిలో దొంగల భయం లేకుండా. ప్రయోగం నడిపిన నిక్ హ్యూస్, సూసీ లోనీ బృందం ఇది గమనించి, అప్పుల భాగాన్ని పక్కన పెట్టి, 'ఇంటికి డబ్బు పంపండి' అనే ఒక్క మాటతో 2007 మార్చి 6న దేశమంతటా మొదలుపెట్టింది.

ఇప్పుడు లోపలి పనితీరు. సఫారీకామ్ అంకెలను గాల్లోంచి పుట్టించదు. ఫోనుల్లో తిరిగే ప్రతి షిల్లింగుకూ (అది ఇప్పటి కెన్యా డబ్బు) ఒక షిల్లింగు వాణిజ్య బ్యాంకుల్లోని ట్రస్టు ఖాతాలో ఉండాలి. ఆ ఖాతాకు ధర్మకర్తగా వేరే సంస్థ ఉంటుంది. సఫారీకామ్ అప్పులపాలైనా అప్పులవాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేరు. దానిమీద వచ్చే వడ్డీ కంపెనీకి చెందదు, దాన్ని సేవా కార్యక్రమాలకు మళ్లించారు. అప్పట్లో కెన్యాలో దీనికి చట్టమే లేదు. కేంద్ర బ్యాంకు 'మాకు అభ్యంతరం లేదు' అని ఒక లేఖ ఇచ్చి, దగ్గరుండి గమనించింది. చెల్లింపుల చట్టం 2011లో వచ్చింది, దాని నిబంధనలు 2014లో. ముందు నడవనిచ్చి, చూసి, తర్వాత చట్టం రాయడమన్నది కెన్యా కేంద్ర బ్యాంకు తీసుకున్న ధైర్యమైన నిర్ణయం. మొబైల్ డబ్బుకు జరిగిన మేలులో సగం దానిదేనని నా అభిప్రాయం.

ఏజెంటు ముందుగా బ్యాంకులో డబ్బు కట్టి, దానికి సరిపడా అంకెలు తన ఫోనులోకి కొనుక్కుంటాడు. ఆ తర్వాత జరిగే ప్రతి లావాదేవీ అతను ముందే డబ్బిచ్చి కొన్న సరుకును అమ్మడమో, తిరిగి కొనడమో. ఎవరూ ఎవరికీ అప్పు పెట్టరు. కొట్టువాడు రాత్రికి రాత్రి పారిపోయినా ఖాతాదారు డబ్బు పోదు, ఎందుకంటే జమ చేసిన క్షణంలోనే అంకెలు ఖాతాదారు ఫోనులోకి వచ్చేశాయి. పరిచయం లేని వేలమంది చిన్న దుకాణదారులను నమ్మి పని అప్పగించగలిగింది ఈ ఏర్పాటు వల్లే.

జమ చేయాలంటే ఖాతాదారు గుర్తింపు కార్డు చూపి నోట్లు ఇస్తాడు. కొట్టువాడు ముందు నోట్లు లెక్కపెట్టి, నకిలీవేమో చూసి, తర్వాతే తన ఫోనులో నంబరు, మొత్తం కొట్టి తన పిన్ నొక్కుతాడు. ఇద్దరికీ ఎస్సెమ్మెస్ వస్తుంది. తీసుకోవడంలో చొరవ ఖాతాదారుది. మెనూలో 'నగదు తీసుకోవడం' ఎంచుకుని, గోడ మీద రాసి ఉన్న ఏజెంటు నంబరు, మొత్తం, తన పిన్ కొడతాడు. కొట్టువాడు తన ఫోనుకు సందేశం వచ్చాక కార్డు సరిచూసి, పుస్తకంలో తేదీ, కార్డు నంబరు, ఫోను నంబరు, మొత్తం, లావాదేవీ కోడు రాసి, సంతకం పెట్టించి నోట్లు ఇస్తాడు. ఈ వరసలో ఒక్క మెట్టు తప్పినా నష్టం కొట్టువాడిదే.

లెక్క తేలిగ్గా ఉండటానికి పెట్టుబడి 1,00,000 షిల్లింగులు అనుకుందాం. పొద్దున 50,000 నోట్లు, 50,000 అంకెలు. ఒకరు 5,000 జమ చేస్తే నోట్లు 55,000, అంకెలు 45,000. ఇంకొకరు 20,000 తీసుకుంటే నోట్లు 35,000, అంకెలు 65,000. రెండూ కలిపితే ఎప్పుడూ లక్షే. కమీషన్ దీనిలో కలవదు, నెలాఖరున విడిగా వస్తుంది. రాత్రి కొట్టు కట్టే ముందు గల్లా, ఫోను కలిపి లక్ష రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే: ఎక్కువ లెక్కపెట్టి ఇచ్చారు, నకిలీ నోటు తీసుకున్నారు, ఒక అంకె తప్పు కొట్టి వేరేవాళ్లకు జమ చేశారు, లేదా కొట్లో కిరాణా అమ్మిన డబ్బు ఈ గల్లాలో కలిసింది. చివరిది అన్నిటికంటే మామూలుగా జరిగేది. కిరాణాకూ ఎం-పెసాకూ ఒకే సొరుగు వాడితే మూడు రోజులకే లెక్క తప్పిపోతుంది. సొరుగులు రెండు ఉండాలి. పగలు ఒకదాని నుంచి ఇంకోదానికి తీస్తే చీటీ రాసి అందులో వేయాలి.

ఇంతవరకూ చదివితే లెక్క తనంతట తానే సరిపోతుందని అనిపించవచ్చు. జమలూ తీసుకోవడాలూ సమానంగా ఉంటే సరిపోయేదే. ఎక్కడా సమానంగా ఉండవు. నైరోబీలో సంపాదించేవాళ్లు జమ చేస్తారు, పశ్చిమాన కిసుము నగరానికి అవతల ఊళ్లో అమ్మానాన్నలు తీసుకుంటారు. అందుచేత పట్నం కొట్లో మధ్యాహ్నానికి అంకెలు అయిపోయి నోట్లు గుట్టపడతాయి. పల్లె కొట్లో అంకెలు పేరుకుని నోట్లు ఖాళీ అవుతాయి. డబ్బు వచ్చిందన్న కబురు సెకనులో ఊరు చేరుతుంది. ఆ కబురును నోటుగా మార్చాలంటే ఎవరో ఒకరు నోట్లను మోసుకుని ఊరు చేర్చాలి. మొబైల్ డబ్బు దూరాన్ని చెరిపేసిందంటారు. నిజానికి ఆ దూరాన్ని ఖాతాదారు నెత్తి మీద నుంచి దించి ఏజెంటు నెత్తిన పెట్టింది.

ఏజెంటు ఆ బరువు దించుకునే దారులు మూడు. మొదటిది బ్యాంకు. దగ్గర్లో బ్యాంకు శాఖ 'సూపర్ ఏజెంటు'గా ఉంటే అక్కడ నోట్లిచ్చి అంకెలు, అంకెలిచ్చి నోట్లు తీసుకోవచ్చు. దీనికయ్యే ఖర్చు బస్సు ఛార్జీ ఒక్కటే కాదు. కొట్టు మూసిన గంటలు, క్యూలో నిలబడిన సమయం, సంచిలో నోట్లతో తిరుగు ప్రయాణపు భయం కూడా లెక్కలోకి రావాలి. రెండోది తన పైనున్న ప్రధాన ఏజెంటు. నాలుగైదు కొట్లు నడిపేవాడు పట్నం కొట్టు నోట్లను పల్లె కొట్టుకు పంపి, పల్లె అంకెలను పట్నానికి మార్చగలడు. అందుకే పట్నంలోనూ పల్లెలోనూ కొట్లు ఉన్న యజమానికి, ఒక్క కొట్టు ఉన్నవాడికంటే తక్కువ పెట్టుబడి సరిపోతుంది. మూడోది పక్కనున్న వ్యాపారం. పెట్రోలు బంకు, టోకు సరుకుల కొట్టు సాయంత్రానికి నోట్లతో నిండి ఉంటాయి, వాటిని బ్యాంకులో వేయడం వాళ్లకూ తలనొప్పే. వాళ్ల నోట్లు తీసుకుని అంకెలు ఇస్తే ఇద్దరికీ బస్సు తప్పుతుంది.

ఏ కొట్లో ఎం-పెసా పెట్టాలన్నది కూడా దీన్నిబట్టే తేలుతుంది. పల్లెలో అయితే రోజూ నోట్లు చేతికొచ్చే కిరాణా కొట్టు, ఎరువుల కొట్టు మంచివి. ముసలాయన కొడుకు పంపిన 2,000 తీసుకుని అక్కడే మొక్కజొన్న పిండి, పంచదార కొంటే 600 మళ్లీ గల్లాలోకి వస్తాయి. ఫోటో స్టూడియోలోనో టైలరింగు కొట్లోనో పెడితే ఆ రాబడి ఉండదు, ప్రతి నోటూ బ్యాంకు నుంచే రావాలి.

ఎంత ఫ్లోట్ కావాలో లెక్కేయడం ఇలా. పల్లె కొట్లో రోజుకు 30 మంది సగటున 2,000 చొప్పున తీసుకుంటారు: 60,000. పదిహేను మంది అంతే జమ చేస్తారు: 30,000. రోజుకు నికరంగా గల్లా నుంచి 30,000 బయటికి పోతోంది. బ్యాంకుకు రెండు రోజులకోసారి వెళ్లగలిగితే 60,000 నోట్లు ఉండాలి. పొద్దున్నే వరసగా తీసుకునేవాళ్లే వస్తే తట్టుకోవడానికి ఇంకో 30,000. ఇది మామూలు రోజుల మాట. సంత రోజు, నెలాఖరు, జనవరిలో బడి ఫీజులు, అక్టోబరులో తేయాకు రైతులకు బోనస్ వచ్చే వారం, డిసెంబరులో నైరోబీ ఖాళీ అయి అందరూ ఊళ్లకు చేరే రోజుల్లో ఇది రెట్టింపవుతుంది. రోజుల సగటు పట్టుకుని ఫ్లోట్ నిర్ణయించుకున్నవాడు సరిగ్గా జనం ఎక్కువగా వచ్చే రోజే 'నగదు లేదు' అనాల్సి వస్తుంది. ఆ మాట రెండుసార్లు విన్న ఖాతాదారు మూడోసారి రాడు. అంతకంటే చెడ్డది, డబ్బును ఫోనులో ఉంచడమే మానేస్తాడు. పోయేది ఆ కొట్టు పరువు ఒక్కటే కాదు, మొత్తం సేవ మీద నమ్మకం. అందుకే సఫారీకామ్ కొట్లకు తనిఖీదార్లను పంపి నోట్లు, అంకెలు, పుస్తకం, పిన్ జాగ్రత్తలు చూసేది.

ధరల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. జమకు ఖాతాదారు నుంచి ఏమీ తీసుకోరు, కానీ కొట్టువాడికి కమీషన్ ఇస్తారు. మొదట్లో ఖాతాదారుకు పంపితే 30 షిల్లింగులు, 2,500 లోపు తీసుకుంటే 25. ఖాతా లేనివారికి పంపితే 75. ఈ ఖర్చు చూసి పంపేవాడే ఊళ్లో నాన్నకు ఫోను చేసి 'వెళ్లి పేరు నమోదు చేయించుకో' అని వెంటపడతాడు. ప్రచారం కంపెనీ తరఫున కొడుకులే చేశారు. కమీషన్ లావాదేవీ మొత్తాన్నిబట్టి మెట్లు మెట్లుగా ఉంటుంది కనుక దానితో పాటు ఒక తప్పుడు పనీ పుట్టింది. 10,000 జమను నాలుగు ముక్కలు చేసి నాలుగు కమీషన్లు తీసుకోవడం. ఇది నిషేధం, దొరికితే కమీషన్ వెనక్కి తీసుకుంటారు.

మోసాల్లో చాలామటుకు ఒకటే కిటుకు మీద నడుస్తాయి: సొంత ఫోను చూసుకోకుండా ఎదుటివాడి ఫోను చూసి నమ్మడం. నకిలీ ఎస్సెమ్మెస్ చూపించి నగదు అడుగుతారు. 'పొరపాటున మీకు డబ్బు పంపాను, తిరిగి పంపండి' అని ఫోను చేస్తారు. నిజానికి ఆ డబ్బు వచ్చే ఉండదు. కంపెనీ మనిషినంటూ వచ్చి కొట్టు ఫోను చేతిలోకి తీసుకుని సిమ్ మార్చేస్తారు. రద్దీ వేళ ఇద్దరు ముగ్గురు కలిసి మాటల్లో పెట్టి పిన్ చూస్తారు. మందు ఒకటే. నిలవ ఎంతుందో సొంత ఫోనులో అడిగి చూసుకున్నాకే నోటు చేయి దాటాలి. పంపేవాళ్లు తప్పు నంబరు కొట్టకుండా, అవతలివారి పేరు ముందే చూపే 'హకీకిషా' ఏర్పాటు తర్వాత వచ్చింది. స్వాహిలీలో ఆ మాటకు అర్థం 'సరిచూసుకో'.

మొదలుపెట్టినప్పుడు అన్నిటికంటే పెద్ద చిక్కు: ఖాతాదారులు లేకపోతే కొట్టువాడు పెట్టుబడి కట్టడు, కొట్లు లేకపోతే ఖాతాదారు చేరడు. సఫారీకామ్ ఒక మూల నుంచి నెమ్మదిగా పాకలేదు. అప్పటి 69 జిల్లా కేంద్రాల్లోనూ ఉండేలా 750 కొట్లతో ఒకేసారి దిగింది. ఆ తర్వాత కొట్ల సంఖ్యను ఇష్టమొచ్చినట్టు పెంచలేదు. ఒక్కో కొట్టుకు సరిపడా గిరాకీ ఉండేలా, ఖాతాదారులు పెరిగేకొద్దీ కొట్లు చేర్చుకుంటూ పోయింది. 2008 మొదట్లో ఎన్నికల తర్వాతి అల్లర్లలో బ్యాంకులు మూసేసి, మురికివాడల్లో చిక్కుకున్నవాళ్లకు బంధువులు ఎం-పెసాతో డబ్బు, ఫోను బ్యాలెన్సు పంపుకున్నారు. నమ్మకం అప్పుడు గట్టిపడింది. ఇప్పుడు కెన్యాలో రెండు లక్షలకు పైగా ఏజెంట్లు, మూడు కోట్లకు పైగా ఖాతాదారులు ఉన్నారు.

ఇదే పేరుతో దక్షిణాఫ్రికాలో 2010లో మొదలైన సేవ 2016లో మూతపడింది. అక్కడ బ్యాంకు ఖాతాలు, ఏటీఎంలు అప్పటికే విస్తారంగా ఉన్నాయి. కొట్లు చాలినన్ని లేవు, కొట్లు లేకపోతే ఈ సేవ లేనట్టే. మన దేశంలో వొడాఫోన్ దీన్ని 2013లో ఐసీఐసీఐ బ్యాంకుతో కలిసి తెచ్చి 2019లో ముగించింది. 2016లో వచ్చిన యూపీఐ డబ్బును బ్యాంకు ఖాతాలోంచి నేరుగా కదిలించింది కాబట్టి, విడిగా ఫోను ఖాతాలో అంకెలు కొని పెట్టుకోవాల్సిన పని లేకుండా పోయింది. అయినా నోటు చిక్కు మన దగ్గరా తీరలేదు. వేలిముద్రతో డబ్బు తీసే బ్యాంకు మిత్రల దగ్గర, ఉపాధి కూలీ డబ్బులు పడిన రోజున గల్లా ఖాళీ అయ్యేది సరిగ్గా పైన చెప్పిన లెక్క ప్రకారమే. నోటు ఎంత ముఖ్యమో 2023 మొదట్లో నైజీరియా చూసింది. పాత నైరా నోట్లు మార్చే గడువులో కొత్త నోట్లు దొరక్క, వీధుల్లో కార్డు మెషీన్లతో నగదు ఇచ్చే పీఓఎస్ ఏజెంట్లు నగదు ఇవ్వడానికి 20 శాతం పైన కూడా వసూలు చేశారు. ఫోనుల్లో, ఖాతాల్లో అంకెలు పదిలంగానే ఉన్నాయి. జనానికి కావలసింది నోటు.

ఈ కొట్ల మీద ఆధారపడి మరో రకం వ్యాపారాలు లేచాయి. వాటిలో నాకు ఇష్టమైనది ఎం-కోపా. ఎం-పెసా మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన నిక్ హ్యూస్ మరో ఇద్దరితో కలిసి స్థాపించాడు, 2012లో అమ్మకాలు మొదలయ్యాయి. కరెంటు లేని ఇంటికి 8 వాట్ల సోలార్ పలక, బ్యాటరీ, ఎల్‌ఈడీ దీపాలు, ఫోను ఛార్జరు, రేడియో. ఒక దశలో ధర ఇలా ఉండేది: ముందు 2,999 షిల్లింగులు, తర్వాత రోజుకు 50 చొప్పున 365 రోజులు, మొత్తం 21,249. పెట్టెలో సిమ్ ఉంటుంది. డబ్బు పడితే ఆ రోజుకు దీపం వెలుగుతుంది, పడకపోతే ఆగుతుంది. అంతా కట్టేశాక సొంతం. కిరోసినుకు రోజూ చిల్లర ఖర్చుపెట్టే ఇల్లు ఆ చిల్లరనే ఇటు మళ్లిస్తుంది. రోజుకు 50 వసూలు చేయడానికి మనిషిని పంపితే వాడి జీతానికే చాలదు. కిలోమీటరు దూరంలో ఎం-పెసా కొట్టు ఉండబట్టే ఇది సాధ్యమైంది. ఈ వ్యాపారం దెబ్బతినే చోట్లు రెండు. పలకను చెట్టు నీడ పడే పక్క బిగిస్తే సాయంత్రం దీపం రెండు గంటలకే మసకబారుతుంది, ఇంటివాళ్లు 'పాడైన సామాను'కు డబ్బు కట్టడం మానేస్తారు. కాబట్టి బిగించేవాడు పొద్దున, మధ్యాహ్నం రెండు పూటలా నీడ ఎటు పడుతుందో అడిగి తెలుసుకోవాలి. రెండోది పంటకు ముందరి నెలలు. ఆ నెలల్లో రోజూ 50 దొరకదు, వాయిదా ఆగుతుంది. రైతు రాబడి ఏడాదికి రెండుసార్లు వస్తుంటే రోజువారీ వాయిదా అతని కొలతకు కుట్టిన చొక్కా కాదు. కోతల వేళ ఒకేసారి ఎక్కువ రోజులకు కట్టుకోమని అమ్మేటప్పుడే చెప్పాలి.

2012లో వచ్చిన ఎం-శ్వారి, 2019లో వచ్చిన ఫులిజా అనే సేవలు ఫోనులోనే అప్పు ఇస్తాయి. కష్టంలో ఆదుకుంటాయి నిజమే. ఎం-శ్వారి 30 రోజుల అప్పుకు 7.5 శాతం రుసుము తీసుకునేది. దాన్ని ఏడాదికి లెక్కేసి చూస్తే గుండె గుబేలుమంటుంది. కొట్లను ఇంత జాగ్రత్తగా కట్టిన చోట అప్పును ఇంత తేలిక చేయడం నాకు నచ్చని సంగతి.

ఈమధ్య గల్లా లెక్క మళ్లీ మారుతోంది. కూరగాయల బండి దగ్గరా, మతాతు మినీబస్సుల్లోనూ ఫోనుతోనే కడుతున్నారు. 2013లో వచ్చిన 'లిపా నా ఎం-పెసా' (ఎం-పెసాతో కట్టు) టిల్ నంబరు, అంటే కొట్టుకు డబ్బు కట్టే నంబరు, చిన్న కొట్ల గోడలకూ ఎక్కింది. వచ్చిన అంకెలను నోటుగా మార్చకుండానే ఖర్చుపెట్టే వీలున్న ఊళ్లో, తీసుకునేవాళ్లు తగ్గుతారు. ఏజెంటుకు బస్సు ప్రయాణాలు తగ్గుతాయి, కమీషనూ తగ్గుతుంది. పట్నం ఏజెంట్లు ఇప్పటికే పక్కన ఫోను సామాన్లు, బ్యాంకు ఏజెన్సీ పెట్టుకుంటున్నారు. మారుమూల పల్లెలో మాత్రం పింఛను అందుకునే ముసలమ్మ పొద్దున ఎనిమిదింటికే కొట్టు తలుపు ముందు కూర్చుంటుంది. ఆమెకు ఇవ్వడానికి నోట్లు ముందురోజు సాయంత్రం బస్సులోనే వచ్చి ఉండాలి.